మా అమ్మ చూడని కువైట్

సూట్‌కేసు జిప్పు సగం తీశానో లేదో, ఇల్లంతా ఊదు వాసన.

కడపలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అమ్మ నట్టింట్లో బండలు తడిగుడ్డతో తుడిపించుకుని, ఫ్యాను కింద వట్టి నేల మీదే పడుకుని ఉంది. మా నల్లబండలకు ఆ గుణముంది, ఎంత ఎండలోనైనా తడి తగిలితే చల్లబడతాయి. నేను చీరల మడతల్లోంచి చిన్న డబ్బా తీసి మూత బిగించబోతుంటే, కళ్ళు మూసుకునే అడిగింది.

"బఖూరు తెచ్చినావా పాపా?"

ఆ మాట ఆమె నోట విని ఇరవై ఏళ్ళ పైనే అయింది.

"శుక్రారం వస్తే మా మామా బొగ్గుల మీద ఏసేది. కర్టెన్లకు, అబాయాలకు పొగ పట్టిచ్చేది. బొగ్గులు రాజేసేది నేనే. దగ్గు నాకు, వాసన వాళ్ళకు" అని తనలో తనే నవ్వుకుంది.

మామా అంటే మేనమామ కాదు. కువైట్‌లో ఇంటి పనికి పోయినవాళ్ళు యజమానురాలిని అలా పిలుస్తారు. యజమాని అయితే బాబా.

అమ్మ అక్కడ ఉన్నది తొమ్మిదేళ్ళు. నేను మా ఆయన దగ్గరికి విజిట్ వీసా మీద పోయి ఉన్నది ముప్పై రోజులు. తిరిగొచ్చాక వారం పాటు, రాత్రిళ్ళు మిద్దె మీద పడుకుని కువైట్ ఎలా ఉంటుందో నేను చెబుతూ పోయాను, ఆమె ఊఁ కొడుతూ వింది. మధ్యమధ్యలో ప్రశ్నలు కూడా వేసింది. తొమ్మిదేళ్ళు ఉన్న మనిషి నెల రోజులు ఉన్న మనిషిని అడగడం నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

* * *

మా ఊరు కడప నుంచి రాయచోటి పోయే దారిలో, గువ్వలచెరువు ఘాటు ఎక్కినాక లోపలికి పోతే వస్తుంది. కె.సి. కాలువ నీళ్ళు కడప చుట్టుపక్కల పొలాలకు పారేవి. కొండ ఇవతల ఉన్న మాకు మాత్రం కాలువ అనేది పుస్తకాల్లో బొమ్మ. వానొస్తే చెనిక్కాయ, రాకపోతే అప్పు.

నాకు ఊహ తెలిసేనాటికే ఊర్లో కువైట్ అనే మాట ఉంది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా వీధి వాళ్ళు కొందరు అక్కడ చిక్కుకున్నారు. అప్పట్లో లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్ళను జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో తీసుకొచ్చారు. ఆ లెక్క పెద్దయ్యాక చదివాను. అప్పుడు తెలిసిందల్లా మా వీధి చివరింటాయన కట్టుబట్టలతో దిగడం. నెల రోజులు రచ్చబండ మీద కూర్చుని ఒకటే కథ చెప్పాడు. ఎడారిలో గుడారాలు, రొట్టెకు వరస, నీళ్ళకు వరస. ప్రతిసారీ చివర్న "ఇంగ చచ్చినా పోను" అనేవాడు. యుద్ధం అయిపోయి, తగలబెట్టిన నూనె బావులన్నీ ఆర్పేశారని తెలియగానే మా వీధిలో అందరికన్నా ముందు బొంబాయి రైలెక్కింది ఆయనే.

మరో రెండేళ్ళకు అమ్మ ఎక్కింది. వరసగా రెండు పంటలు పోయాయి. ఒక బోరు వేస్తే దుమ్ము లేచింది. రెండోది వేస్తే అప్పు లేచింది. నాయన తాను పోతానన్నాడు గానీ, మగవాళ్ళ వీసాకు ఏజెంటు అడిగినంత డబ్బు మా దగ్గర లేదు. ఇంటిపని వీసాకు ఖర్చు తక్కువ. అంతే, అది లెక్క. కువైట్ పోయిన ఆడవాళ్ళ గురించి ఊర్లో ఏమేం మాట్లాడతారో ఇక్కడ రాయను. ఆ మాటలన్న వాళ్ళే తర్వాత మా ఇంటికొచ్చి చేబదుళ్ళు అడిగారని మాత్రం రాస్తాను.

కడప స్టేషన్లో రాత్రిపూట రైలు. జేజి గువ్వలచెరువు పాలకోవా విస్తరాకులో చుట్టి అమ్మ సంచిలో పెట్టింది. బొంబాయి దాటకముందే పాడైపోతుందని తెలిసినా పెట్టింది. నేను ఆరో తరగతి. తమ్ముడు నాయన భుజం మీద నిద్రపోతున్నాడు. అమ్మ కిటికీలోంచి నాకు చెప్పిన మాటల్లో ప్రేమా గీమా ఏమీ లేదు.

"బిందె నిండా ముంచుకోవద్దు, నడుం పడతాది. ముక్కాలు బిందె తెచ్చుకో. రెండుసార్లు పో."

మర్నాటి నుంచి బిందె నాది. వ్యవసాయ బావి మైలు దూరం. గట్టు మీద ఆడవాళ్ళ వరస, తాళ్ళు రాసుకునే చప్పుడు, ఎవరిదో బిందె సొట్ట పడితే తిట్లు. ఇస్త్రీ చేసిన గౌను తడవకుండా చంకలో బిందె పెట్టుకునే విద్య నాకు వారంలో వచ్చేసింది. బడికి ఆలస్యం కాకుండా పోయే విద్య మాత్రం ఎప్పటికీ రాలేదు.

* * *

అమ్మ ఐదో తరగతి దాకా చదివింది, ఉత్తరం రాయడమంటే బద్ధకం. ఊరికొచ్చేవాళ్ళ చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపేది. మా ఇంట్లో టేప్ రికార్డరు లేదు. క్యాసెట్టు వచ్చిందంటే పక్కింటికి పోవాలి, అంటే వీధంతా వినాలి. అది తెలిసే అమ్మ రహస్యాలేవీ చెప్పేది కాదు. మొదటి పది నిమిషాలు పేరుపేరునా అందరినీ బాగుండారా అని అడగడమే. పేరు రానివాళ్ళు అలిగేవాళ్ళు. వచ్చినవాళ్ళు "ఆఁ, బాగుండాం మ్మే" అని టేపుకే బదులు చెప్పేవాళ్ళు.

ఆమె గొంతు వెనక ఎప్పుడూ ఒక హోరు. అది సముద్రమని జేజి తేల్చేసింది. మేమంతా అమ్మ సముద్రం ఒడ్డున కూర్చుని మాట్లాడుతోందనే అనుకున్నాం. ఆ హోరు ఏసీదని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

ఒక క్యాసెట్టులో మధ్యలో పిల్లాడి ఏడుపు వినిపించింది. అమ్మ మాట ఆపి, "వస్తాండా బంగారూ, వస్తాండా" అంది. అరబ్బు పిల్లాడితో తెలుగు! వీధంతా పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నన్నెప్పుడూ బంగారూ అని పిలవలేదు ఆమె. పాపా అనేది, కోపమొస్తే దయ్యమా అనేది. ఆ పిల్లాడికి బువ్వ, నీళ్ళు, దా అనే మాటలు వచ్చాయని తర్వాతి క్యాసెట్టులో గర్వంగా చెప్పింది. వాడంటే నాకు ఎంత కచ్చో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వాడికీ ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి.

ప్రతి క్యాసెట్టులో ఇంకో పేరు వినపడేది. జమియా. "నిన్న జమియాకు పోయినా", "జమియాకు పోతే టైమే తెలీదు". జమియా అంటే అమ్మ స్నేహితురాలని నేను ఖాయం చేసుకున్నాను. నల్లటి బురఖా, పెద్ద కళ్ళు, అమ్మకు చాయ్ ఇచ్చి కష్టసుఖాలు అడిగే ఒకావిడ. నెలకోసారైనా పోయి కూర్చోవడానికి అమ్మకు ఒక మనిషి ఉంది కదా అని ధైర్యం. నా ఉత్తరాల చివర "జమియా పిన్నమ్మను అడిగినట్లు చెప్పు" అని తప్పకుండా రాసేదాన్ని. అమ్మ దానికి ఎప్పుడూ బదులివ్వలేదు.

ఇక నీళ్ళు. అమ్మ ఎక్కువగా మాట్లాడింది నీళ్ళ గురించే. "కొళాయి తిప్పితే రేయీ పగలూ నీళ్ళే. బాత్రూము కడిగేదానికి ఒక్కదానికే మనం రెండు దినాలు తాగేటన్ని పోస్తాండా. పోసేటప్పుడు చెయ్యాడదు." అది విని పక్కింటవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది, ఎందుకో నాకు అర్థం కాలేదు. బట్టలు ఆరేయడానికి మిద్దెక్కితే దూరంగా నీలంగీతల గొడుగులు కనపడతాయని కూడా ఒకసారి చెప్పింది. పెద్దపెద్దవట, చెట్లకంటే పెద్దవట. "ఎండ గదా, ఊరికే గొడుగు పట్టినారేమో" అంది జేజి.

* * *

రెండున్నరేళ్ళకు మొదటిసారి సెలవు మీద వచ్చింది. తమ్ముడు ఆమెను చూసి జేజి వెనక దాక్కున్నాడు. పెట్టె తెరవడం మా ఇంట్లో పండగ. పులిబొమ్మ దుప్పటి, నీడో పాలపొడి డబ్బాలు, టాంగ్ పొడి, యాక్స్ ఆయిల్ సీసాలు, సబ్బులు. వీధిలో తలనొప్పి లేనివాళ్ళకు కూడా తలా ఒక యాక్స్ ఆయిల్ సీసా ఇవ్వాలి, లేకపోతే మాట పడాలి. పెట్టె అడుగున బట్టలకు పట్టిన ఆ పొగవాసన. నాకు చాలాకాలం అదే అమ్మ వాసన అనుకున్నాను. వారం తిరక్కుండానే అది పోయి ఆమెకు మళ్ళీ పొయ్యి పొగ వాసన వచ్చేసేది.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాలుగింటికే లేచేది. లేచి ఏం చేయాలో తెలియక కసువు ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చేది. మమ్మల్ని తరమడానికి యల్లా యల్లా అనేది. పని అయిపోతే ఖలాస్. ఏదైనా లేకపోతే మాఫీ. పప్పు మాఫీ, కరెంటు మాఫీ. చాలా ఏళ్ళ తర్వాత టీవీలో రుణమాఫీ అని మోగిపోతుంటే అమ్మ ఒకటే నవ్వు. "మాఫీ అంటే లేదని గదా! ఎంత నిజం చెప్పినారు పాపం" అని. మా నాయనకు కోపమొచ్చింది కానీ చివరికి ఆయనా నవ్వాడు.

మొదట్లో నెలకు ముప్పై దినార్లు. అప్పటి లెక్కలో మూడువేల పైమాట. అప్పులు తీరాయి, ఇంటికి స్లాబు పడింది, నా బి.ఇడి. ఫీజు కట్టింది. కడపలో ఇప్పుడు మేముండే ఇంటి స్థలం కూడా ఆ డబ్బుతో కొన్నదే. తొమ్మిదేళ్ళయ్యాక మోకాళ్ళు పట్టేసి వచ్చేసింది.

* * *

నా ప్రయాణం గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. ప్రభుత్వ బళ్ళో టీచర్ని కాబట్టి విదేశం పోవడానికి ఎన్‌ఓసీ కావాలి. దాని కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుళ్ళు కడప నుంచి కువైట్ దూరం కంటే ఎక్కువే ఉంటాయి. వేసవి సెలవులు ఇవ్వగానే చెన్నై పోయి విమానం ఎక్కితే ఐదు గంటల్లోపే దిగాను. బొంబాయిలో ఒక ఇరుకు గదిలో వీసా కోసం ఇరవై రోజులు పడిగాపులు పడ్డ అమ్మ గుర్తొచ్చింది.

మొదటి రోజు మధ్యాహ్నం బాత్రూములో కొళాయి తిప్పి చెయ్యి కాల్చుకున్నాను. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు సలసలా కాగి ఉంటాయి. మా ఆయన వచ్చి నవ్వి, గీజరు వైపు కొళాయి తిప్పమన్నాడు. ఎండాకాలం వస్తే అక్కడ గీజరు స్విచ్ ఆపేస్తారు. అది గదిలో నీడపట్టున ఉంటుంది కాబట్టి దాంట్లో నిలిచిన నీళ్ళే చల్లవి. వేడినీళ్ళ కొళాయిలో చల్లనీళ్ళు, చల్లనీళ్ళ కొళాయిలో వేడినీళ్ళు. ఈ సంగతి అమ్మ ఎందుకు చెప్పలేదా అనుకున్నాను. తర్వాత అడిగితే, "మాకు గీజరు గది యాడుండాది, మిద్దె మీది రేకుల గదిలో పడుకుండేది" అంది, అదేదో మామూలు సంగతన్నట్టు.

ఆ దేశంలో ఒక్క నది లేదు. తాగేది సముద్రం నీళ్ళే, ఉప్పు తీసినవి. నూనె దొరక్కముందు పడవలేసుకుని ఇరాక్ వైపు షత్ అల్ అరబ్ నదికి పోయి తాగునీళ్ళు తెచ్చి అమ్ముకునేవాళ్ళట. 1961 దాకా అక్కడ చెల్లింది రూపాయలేనని కూడా మా ఆయన చెప్పాడు. బిందెల వరసలు, రూపాయలు, ఎండలు. వాళ్ళూ మాలాంటి వాళ్ళేనన్నమాట అనిపించింది. ఎండలో మాత్రం వాళ్ళది పైచేయి. మిత్రిబా అనే చోట 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. కడపలో నలభై అయిదుకే మనం సొమ్మసిల్లి పడిపోతాం. జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగింటి వరకు బయట ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది, మంచిదే. ఇంట్లో పొయ్యి ముందు నిలబడేవాళ్ళకు ఆ లెక్క వర్తించదు.

మొదటి శుక్రవారం పొద్దున మా ఆయన సంచి తీసుకుని, "పద, జమియాకు పోయొద్దాం" అన్నాడు.

నేను చెప్పులేసుకోబోయి ఆగిపోయాను. "ఎవరు?"

జమియా అంటే కో-ఆపరేటివ్ స్టోరు. పేటపేటకూ ఒకటి ఉంటుంది. బియ్యం, పాలు, సబ్బులు, కూరగాయలు, అన్నీ ఒకేచోట. నేను ట్రాలీ పట్టుకుని టమోటాల దగ్గర నిలబడి నవ్వాను. మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. నవ్వుతూనే ఉన్నాను గానీ, అంటే అమ్మకు అక్కడ స్నేహితురాలు లేదన్నమాట, చాయ్ ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరన్నమాట అని అప్పుడే వెలిగింది. నెలకోసారి డ్రైవరు వెంట సరుకుల మూటలు మోయడానికి పోవడమే ఆమెకు షికారు.

అమ్మ ఉన్న ఇల్లు వెతకాలని రెండు శుక్రవారాలు తిరిగాం. పాత కవర్ల మీద ఉన్నది పోస్టుబాక్సు నంబరు ఒక్కటే. పేట పేరు అమ్మ పలికిన తీరులో అక్కడ ఏదీ లేదు, ఆ పోలికతో మూడున్నాయి. ఇక గుర్తులంటారా, మసీదు, పక్కన రొట్టెల బేకరీ, మూలింటికి నీలం గేటు. ప్రతి పేటలో మసీదు ఉంది, రొట్టెల బేకరీ ఉంది. ఇసుక రంగు ఇళ్ళు, ఎత్తు గోడలు, ఎంత తిరిగినా ఒకే వీధిలో తిరిగినట్టుంది. ఒక మిద్దె మీద ఒకామె దుప్పట్లు ఆరేస్తూ మావైపు చూసింది. నేనూ చూశాను. ఏ దేశం మనిషో తెలియలేదు. బేకరీ కిటికీ దగ్గర వేడివేడి రొట్టెలు నాలుగు కొనుక్కుని, కారులోనే తుంచుకు తిన్నాం.

ఒక సాయంత్రం ఫహాహీల్ సముద్రం ఒడ్డున ఒకామె పిల్లాడిని తోపుడు బండిలో తిప్పుతూ ఫోన్లో గట్టిగా మాట్లాడుతోంది. "సంగటి కెలికినారా లేదా మ్మే?" చెవిన పడగానే కాళ్ళు వాటంతటవే అటు పోయాయి. రాజంపేట వైపు మనిషి. వచ్చి నాలుగేళ్ళయిందట. "మా మామా మంచిదే అక్కా, ఫోను ఉంచుకోనిస్తాది" అంది. 2015లో ఇంటిపనివాళ్ళ కోసం అక్కడ చట్టం వచ్చింది, వారానికో రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించకుండా పని. సెలవు ఇస్తారా అని అడిగితే నవ్వి, బండిలో పిల్లాడిని చూపించింది. "వీడికి సెలవుంటే నాకూ ఉంటాది." వాడు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "దా" అన్నాడు. తెలుగులోనే. నేను ఆ పూట ఇంక ఏమీ తినలేకపోయాను.

ముబారకియా బజారులో ఖర్జూరాల రాశులు, కుంకుమపువ్వు, ఎండబెట్టిన నిమ్మకాయలు, వాటి మధ్య బఖూరు అంగళ్ళు. అంగడాయన చిన్న చెక్కపేడు నిప్పు మీద వేసి పొగను చేత్తో నావైపు తోశాడు. ముబారకియా మాయమై పులిబొమ్మ దుప్పటి కనిపించింది. ధర అడగకుండా కొన్నాను, మా ఆయన అడిగి నిట్టూర్చాడు.

తిరిగొచ్చేటప్పుడు హైవే పక్కన కనిపించాయవి. నీలం, తెలుపు గీతలు. సన్నటి కాడ మీద విచ్చుకున్న కుక్కగొడుగుల్లాంటివి, గుంపుగా.

"ఆపండి, ఆపండి!"

హైవే మీద ఎలా ఆపుతామని ఆయన విసుక్కుని, ఎక్కడో మలుపు తిప్పి మళ్ళీ అటే తెచ్చాడు. నీళ్ళ ట్యాంకులవి. స్వీడన్ వాళ్ళు గీసిచ్చిన నమూనాలట, దేశం మొత్తం మీద అలాంటివి ముప్పై ఒకటి ఉన్నాయి. ఫొటోల్లో అందరూ చూసే కువైట్ టవర్స్ ఉన్నాయే, 1979లో తెరిచినవి, వాటి పెద్ద గుండ్లలోనూ నీళ్ళుంటాయి. నేను కారు దిగి, ఆ ఎండలో పది ఫొటోలు తీసుకున్నాను.

* * *

మిద్దె మీద నాలుగో రాత్రో అయిదో రాత్రో జమియా సంగతి ఎత్తాను. పిన్నమ్మ అని రాసేదాన్ని, గుర్తుందా అని.

"ఎందుకు లేదు. మా మామా డ్రైవరుతో చెప్పి నవ్వుకున్యాం."

"మరి అది అంగడని నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ అప్పడం ఒత్తినట్టు దిండు సర్దుకుంది. "నాకాడ ఎవరో ఒకరు ఉండారనుకుంటే నీకు నిద్ర పడతాది గదా."

సముద్రం గురించి చెప్పాను. తొమ్మిదేళ్ళలో రెండుసార్లు చూసిందట, రెండుసార్లూ విమానంలోంచే. ఫోన్లో అలల వీడియో పెడితే హోరు విని, "మా ఏసీ గూడా ఇట్నే అరిచేది" అంది. నేను జేజి మాట చెప్పలేదు.

తర్వాత ట్యాంకుల ఫొటో తీశాను. ఫోను దగ్గరికి పెట్టుకుని, దూరం పెట్టి, అద్దాలు తెప్పించుకుని చూసింది.

"ఇవే. ఇవే మ్మే. మిద్దె మీంచి కనపడేవి."

"నీళ్ళ ట్యాంకులమ్మా ఇవి."

"ట్యాంకులా?" లేచి కూర్చుంది. "గోపురాలు కాదా?"

"కాదు."

"మన పెద్ద దర్గా మాదిరి ఏదో మహిమ గల తావు అనుకున్యానే. తొమ్మిదేండ్లు పొద్దున్నే బట్టలు ఆరేసి దండం పెట్టుకున్యానే వాటికి!"

నాకు నవ్వు ఆగలేదు. ఆమెకూ. కింద తమ్ముడి పెళ్ళాం ఏమైందని పైకి వచ్చి చూసి పోయింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ అడిగాను, ఏమని మొక్కుకునేదానివని.

"ఏముంది. మన బోర్లో నీళ్ళు పడల్ల అని."

"పడలేదు కదమ్మా."

"మాఫీ" అని ఫోను నా చేతికిచ్చి, అటు తిరిగి పడుకుంది.